బోర్డు లేని బస్ స్టేజీ మ్యాప్‌లోకి ఎలా ఎక్కుతుంది? రోడ్డు పక్కన కనిపించేవాటికి వలంటీర్ మ్యాపర్లు పేర్లు ఎలా ఖాయం చేస్తారు?

గద్వాలలోనో వనపర్తిలోనో పల్లె వెలుగు బస్సు ఎక్కినవాళ్లకు ‘స్టేజీ’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన ఓ వేప చెట్టు, దాని నీడలో ఇద్దరు ముగ్గురు మనుషులు, పక్కన సంచులు. షెల్టర్ ఉండకపోవచ్చు. బోర్డు కూడా ఉండకపోవచ్చు. డ్రైవర్‌కు తెలుసు, కండక్టర్‌కు తెలుసు, ఊరివాళ్లకు తెలుసు. ఫోన్‌లో ఉన్న మ్యాప్‌కు మాత్రం తెలియదు.

దాన్ని మ్యాప్‌లో పెట్టాలంటే ‘ఎక్కడ’ అనేది పెద్ద సమస్య కాదు. ఫోన్‌లో జీపీఎస్ ఉంది. అసలు చిక్కు ‘ఏమని పెట్టాలి’ అన్నదే. బస్ స్టాప్ అనాలా? స్తంభమే లేనప్పుడు స్టాప్ ఎలా అవుతుంది? చెట్టు అని రాసి వదిలేయాలా? గద్వాలలో ఒకరు ఒక మాట, నాగర్‌కర్నూల్‌లో మరొకరు ఇంకో మాట రాస్తే, రెంటినీ చదవాల్సిన యాప్‌కు అవి రెండు వేర్వేరు వస్తువులు.

ఈ చిక్కును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌లో పనిచేసే వలంటీర్లు రోజూ ఎదుర్కొంటారు. వాళ్లకు పై అధికారి లేడు, జీవో రాదు. మరి ఎలా తేల్చుకుంటారు?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే?

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. మ్యాప్‌లకు వికీపీడియా లాంటిది అనుకోవచ్చు. ఎవరైనా ఖాతా తెరిచి రోడ్డు గీయొచ్చు, తప్పు దిద్దొచ్చు. డేటాను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎక్కడిదో చెప్పాలి. ఇప్పుడు కోటికి పైగా ఖాతాలు ఉన్నాయి, నెలనెలా చురుగ్గా మార్పులు చేసేవాళ్లు మాత్రం అందులో చిన్న భాగమే.

‘నేను ఆ మ్యాప్ ఎప్పుడూ వాడలేదే’ అనిపించొచ్చు. పేరు తెలియకుండానే వాడి ఉండొచ్చు. వికీపీడియా వ్యాసాల్లో కనిపించే మ్యాప్‌లు, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటి యాప్‌లు, ఇంకా ఎన్నో సేవలు ఈ డేటా మీదే నడుస్తాయి. యాపిల్, మెటా, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి కంపెనీలు కూడా దీన్ని వాడుకుంటాయి, తమ ఉద్యోగుల చేత మార్పులూ చేయిస్తాయి. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగినప్పుడు ఏ వీధిలో నీళ్లు నిలిచాయో జనమే గుర్తు పెట్టిన మ్యాప్‌కు అడుగున ఉన్నది ఇదే.

ట్యాగ్ అంటే రెండు ముక్కలే

మ్యాప్ మీద ఒక చుక్కో గీతో పెట్టాక, అదేమిటో చెప్పడానికి రెండు మాటల జత రాయాలి. ఎడమ పక్క ‘రకం’, కుడి పక్క ‘విలువ’. బస్ స్టాప్‌కు ‘హైవే=బస్_స్టాప్’, వీధి దీపానికి ‘హైవే=స్ట్రీట్_ల్యాంప్’, బెంచీకి ‘ఎమెనిటీ=బెంచ్’. (అసలు డేటాలో వీటిని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం.)

వీధి దీపానికి ‘హైవే’ ఏమిటని అనుమానం రావడం సహజం. ప్రాజెక్టు బ్రిటన్‌లో పుట్టింది. అక్కడి చట్టం భాషలో హైవే అంటే జనం నడిచే ఏ దారైనా సరే. మనకేమో హైవే అనగానే నేషనల్ హైవే గుర్తొస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లు తడబడే మొదటి చోటు ఇదే.

రెండోది ‘అన్‌క్లాసిఫైడ్’ అనే మాట. ఏ తరగతో తెలియని రోడ్డుకు ఇది పెట్టాలనుకుంటారు చాలామంది. కాదు. బ్రిటన్‌లో అది ఒక తరగతి పేరు: ఊరికీ ఊరికీ మధ్య ఉండే చిన్న రోడ్డు. మన దగ్గర మండల కేంద్రం నుంచి పల్లెకు వెళ్లే రోడ్డుకు సరిగ్గా సరిపోయే మాట. ఇళ్ల మధ్య ఉన్న వీధి ‘రెసిడెన్షియల్’. పొలాలకు వెళ్లే బండ్ల బాట ‘ట్రాక్’. ఈ మూడూ తారుమారైతే నష్టం కంటికి కనిపించదు. దారి చూపించే యాప్‌లు ‘ట్రాక్’ను వీలైనంత తప్పించుకుని వెళ్తాయి. ఊరికి ఉన్న ఒకే ఒక్క మంచి రోడ్డును ఎవరో పొరపాటున ట్రాక్ అని రాస్తే, అర్ధరాత్రి ఆస్పత్రికి బయలుదేరిన కారును యాప్ చుట్టుదారి పట్టించవచ్చు.

హైవేలు: బోర్డు చెప్పేది ఒకటి, కన్ను చూసేది ఒకటి

భారత మ్యాపర్లు రాసుకున్న ఆనవాయితీ ప్రకారం జాతీయ రహదారి ‘ట్రంక్’, రాష్ట్ర రహదారి ‘ప్రైమరీ’, ముఖ్యమైన జిల్లా రోడ్డు ‘సెకండరీ’. వినడానికి తేలిక. ఇక ఈ మూడు జిల్లాల మీదుగా వెళ్లి చూడండి.

కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా తాకుతూ కర్నూలు వైపు వెళ్లే ఎన్‌హెచ్ 44 నాలుగు వరుసల రోడ్డు. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు, దోమలపెంట మీదుగా నల్లమల దాటి శ్రీశైలం వెళ్లే ఎన్‌హెచ్ 765, అడవి మలుపుల్లో సన్నని రోడ్డు. రెండూ జాతీయ రహదారులే కాబట్టి మ్యాప్‌లో రెండూ ‘ట్రంక్’, రెండూ ఒకే రంగు. ఇది న్యాయమేనా అని మ్యాపర్ల మధ్య ఎప్పుడూ వాదనే. తరగతిని రోడ్డు వెడల్పును బట్టి ఇవ్వాలని కొందరంటారు, దాని ప్రాధాన్యాన్ని బట్టి ఇవ్వాలని మరికొందరు. ఆచరణలో నిలబడింది మధ్యేమార్గం. తరగతి తరగతే, వెడల్పు సంగతి ‘లేన్స్=2’ లాంటి వేరే ట్యాగ్‌లో రాయాలి. ఒకే మాట మీద అన్ని బరువులూ వేయకపోవడం ఈ సమాజం నేర్చుకున్న మంచి అలవాటు.

నంబర్ల సంగతీ అంతే. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చేదాకా ఎన్‌హెచ్ 44లో ఈ భాగం ఎన్‌హెచ్ 7. పాత తరం డ్రైవర్లు ఇప్పటికీ ‘ఏడో నంబర్ హైవే’ అంటారు. అందుకే కొత్త నంబర్ ఒక ట్యాగ్‌లో, పాతది ‘ఓల్డ్_రెఫ్’ అనే మరో ట్యాగ్‌లో. రెంటిలో ఏది నిజమని కొట్లాడక్కర్లేదు.

ఇంకా లేని రోడ్డు మాటేమిటి? కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా వెళ్లే ఎన్‌హెచ్ 167కేలో భాగంగా సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనకు కేంద్రం 2022లో అనుమతి ఇచ్చింది. వార్త రాగానే ఉత్సాహంతో నది మీద గీత గీసేవాళ్లు ఉంటారు. ఇక్కడ నియమం గట్టిది. కాగితం మీద ఉన్నది ‘ప్రపోజ్డ్’, పని జరుగుతున్నది ‘కన్‌స్ట్రక్షన్’. బండి వెళ్లగలిగినప్పుడే అది రోడ్డు. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో నావిగేషన్ చూపించిన దారిలో వెళ్లిన కారు, సగంలో తెగిపోయిన వంతెన మీంచి నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఆ ఘటన ఈ మ్యాప్‌కు సంబంధించినది కాదు. కానీ ‘ఉంది’ అన్న ఒక్క మాట ఎంత ప్రమాదమో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మొరం రోడ్డుకు ఇంగ్లిష్‌లో ఏమంటారు?

రోడ్డు ఉపరితలానికి ‘సర్ఫేస్’ అనే ట్యాగ్ ఉంది. బీటీ రోడ్డు అయితే ‘ఆస్ఫాల్ట్’, సీసీ రోడ్డు అయితే ‘కాంక్రీట్’. ఇంతవరకు పేచీ లేదు. మొరం రోడ్డు దగ్గర కథ మొదలవుతుంది.

మొరం అనగానే చాలామంది ‘గ్రావెల్’ అని ఎంచుకుంటారు. మన కాంట్రాక్టర్ల బిల్లుల్లో కూడా గ్రావెల్ రోడ్డు అనే రాస్తారు. కానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వికీలో గ్రావెల్‌కు రాసుకున్న నిర్వచనం వేరు: రైలు పట్టాల కింద పోసే కంకర లాంటి పదునైన రాళ్లు. మొరం అది కాదు. ఎర్రమట్టి, సన్న రాళ్లు కలిసిన మిశ్రమం. రోలర్‌తో తొక్కిస్తే గట్టిపడుతుంది. అలాంటిదానికి వికీలో ఉన్న మాట ‘కంపాక్టెడ్’. రోలర్ తిరగని చోట, ట్రాక్టర్‌తో పోసి వదిలేసిన చోట అది కూడా సరిపోదు. అక్కడ ‘అన్‌పేవ్డ్’ అని విశాలమైన మాట పెట్టి ఊరుకోవడమే నయం.

ఇంత చర్చ ఎందుకంటే, దారి లెక్కగట్టే ప్రోగ్రాములు ఈ మాటను బట్టే వేగం అంచనా వేస్తాయి. కంకర అంటే ఒక వేగం, గట్టి మొరం అంటే మరో వేగం. పైగా నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య నేలలో, నల్లరేగడి ఉన్న చోట వాన కురిస్తే మట్టి బాటలో బండి దిగబడుతుంది. ఎండాకాలంలో శాటిలైట్ ఫొటో చూసి బెంగళూరులోనో బెర్లిన్‌లోనో కూర్చుని గీసినవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలు లేదు. ఆ ఊరి మనిషికే తెలుసు.

రోడ్డు నునుపుకు వేరే ట్యాగ్ ఉంది, ‘స్మూత్‌నెస్’. దాని మెట్లు చదివితే నవ్వొస్తుంది. అన్నిటికన్నా మంచి రోడ్డంటే కాళ్లకు చక్రాల బూట్లు తొడుక్కుని జారగలిగేది. అక్కడి నుంచి రేసింగ్ సైకిల్, మామూలు కారు, ఎత్తయిన జీపు... దిగుతూ దిగుతూ ట్రాక్టర్ లాంటివి మాత్రమే వెళ్లగలిగే దారి దాకా వస్తుంది. చక్రాల బూట్లు పాలమూరు పల్లెల్లో ఎవరు తొడుక్కుంటారో గానీ, వెనకున్న ఆలోచన మంచిది. ‘బాగుంది, బాగాలేదు’ అంటే మనిషికో మాట. ‘దీని మీద ఏ బండి వెళ్లగలదు’ అంటే ఇద్దరు చూసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. ఎవరు వెళ్లి చూసినా సరిచూసుకోగలిగిందే రాయాలన్నది మ్యాపర్ల మూల సూత్రాల్లో ఒకటి.

ఓటు గెలిచింది, మాట ఓడిపోయింది

మళ్లీ మన స్టేజీ దగ్గరికి వద్దాం. బస్ స్టాప్‌కు మొదటి నుంచీ ఉన్న ట్యాగ్ ‘హైవే=బస్_స్టాప్’. కొన్నాళ్లకు దాని మీద అసంతృప్తి మొదలైంది. బస్సు ఆగే చోటు రోడ్డు మీద, మనుషులు నిలబడే చోటు పక్కన. రెండూ ఒకే చుక్కలో ఎలా ఇముడుతాయి? రైలు, ట్రామ్, బస్సు అన్నిటికీ ఒకే పద్ధతి ఉంటే బాగుండదా? చర్చ జరిగింది, ప్రతిపాదన రాశారు, 2011లో ఓటింగ్‌లో నెగ్గింది. మనుషులు నిలబడే చోటికి ‘పబ్లిక్_ట్రాన్స్‌పోర్ట్=ప్లాట్‌ఫామ్’, బండి ఆగే చోటికి ‘స్టాప్_పొజిషన్’.

అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సొంత వెబ్‌సైట్‌లో కనిపించే మామూలు మ్యాప్ మాత్రం పాత ట్యాగ్ ఉన్న చోటే బస్సు బొమ్మ చూపిస్తూ వచ్చింది. కొత్త ట్యాగ్ ఒక్కటే పెట్టినవాళ్లకు తమ స్టాప్ మ్యాప్ మీద కనిపించలేదు. ఏం చేస్తారు? పాతది కూడా పెట్టారు. ఇప్పటికీ పాత ట్యాగ్ లక్షల సంఖ్యలో బతికే ఉంది. చాలాచోట్ల రెండూ కలిపి రాస్తారు.

ఈ ముచ్చటలో మొత్తం వ్యవస్థ కనిపిస్తుంది. ఈ మ్యాప్‌లో మొదటి నియమం ‘మీకు నచ్చిన ట్యాగ్ రాసుకోవచ్చు’. కొత్త మాటను అందరిచేతా ఒప్పించాలనుకుంటే ఓ పద్ధతి ఉంది. వికీలో ప్రతిపాదన పెట్టాలి, కనీసం రెండు వారాలు అభిప్రాయాలు వినాలి, తర్వాత కనీసం రెండు వారాలు ఓటింగ్. ఆమోదం పొందాలంటే అనుకూల ఓట్లు కనీసం 8 ఉండాలి, మొత్తంలో 75 శాతం మద్దతు ఉండాలి. కోటి ఖాతాలున్న చోట 8 ఓట్లేమిటని అడగొచ్చు. నిజమే. ఓటు వేసేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే, వాళ్లలో యూరప్ వాళ్లు ఎక్కువ. అందుకే గెలిచిన మాట కూడా హుకుం కాదు, సలహానే. చివరికి తీర్పు చెప్పేది వాడకమే. ఏ ట్యాగ్ ప్రపంచంలో ఎన్నిసార్లు వాడారో ‘ట్యాగ్‌ఇన్ఫో’ అనే సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కొత్త మాట పుట్టించే ముందు అక్కడ వెతకడం మర్యాద.

మూడో శక్తి ఒకటుంది. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఎడిటర్ సాఫ్ట్‌వేర్ మెనూ. బ్రౌజర్‌లో ‘జీబ్రా క్రాసింగ్’ అని వెతికితే మెనూ వెనక ఏ ట్యాగ్ రాసి ఉంటే అదే డేటాలోకి వెళ్తుంది. కాలిబాట దాటే చోట్లకు ‘జీబ్రా’ అనాలా, ‘మార్క్డ్’ అనాలా, ‘అన్‌కంట్రోల్డ్’ అనాలా అని ఏళ్ల తరబడి గొడవ జరగడానికి సగం కారణం ఈ మెనూలే. చివరికి రోడ్డు మీద ఏ గీతలున్నాయో చెప్పే వేరే ట్యాగ్ తెచ్చి, సిగ్నల్ ఉందా లేదా అన్నది దానినుంచి విడదీశారు.

మరి బోర్డు లేని స్టేజీ? బోర్డు ఆర్టీసీ పెట్టిందా లేదా అన్నది కాదు, బస్సు అక్కడ ఆగుతుందా అన్నదే పరీక్ష అనేది ఈ వ్యాసకర్త అభిప్రాయం. క్షేత్రంలో ఉన్నదే మ్యాప్‌లో ఉండాలన్న నియమానికి ఇది విరుద్ధం కాదు. రోజూ ఆగే బస్సు, ఎదురుచూసే మనుషులు కూడా క్షేత్రమే. బోర్డు లేదు, షెల్టర్ లేదు, బెంచీ లేదు అన్న సంగతులు కూడా రాయొచ్చు. ‘షెల్టర్=నో’ అని రాయడం ఖాళీగా వదలడం కన్నా మేలు. ఏ మండలంలో ఎన్ని స్టేజీలకు నీడ లేదో రేపు ఎవరైనా లెక్క తీయాలనుకుంటే పనికొచ్చేది అదే.

బొడ్రాయికి, పీర్ల చావిడికి ట్యాగ్ ఏది?

యూరప్‌లో పుట్టిన పదకోశంలో మన ఊళ్లు అక్కడక్కడ ఇరుక్కుంటాయి. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. అది గుడి కాదు, విగ్రహం కాదు, హద్దు రాయీ కాదు. ఉన్నవాటిలో దగ్గరిది ‘హిస్టారిక్=వేసైడ్_ష్రైన్’. యూరప్‌లో దారి పక్కన శిలువ, మేరీమాత బొమ్మ ఉండే చిన్న గూళ్లను దృష్టిలో పెట్టుకుని వచ్చిన మాట. ఇప్పుడు దారి పక్క పోచమ్మ గూడుకు కూడా అదే వాడొచ్చు. బొడ్రాయికి అది నూటికి నూరు పాళ్లు అతకదు, కానీ పేరు దగ్గర ‘బొడ్రాయి’ అని తెలుగులో రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది.

పీర్ల చావిడి ఇంకా చిక్కు. ప్రార్థనా స్థలం అనగానే ఎడిటర్ ‘ఏ మతం?’ అని అడుగుతుంది. మొహర్రం రోజుల్లో పీర్లను ఎత్తుకునేది, మొక్కులు చెల్లించేది రెండు మతాలవాళ్లూ అయినప్పుడు ఒక గడిలో ఏం రాస్తారు? తెలియని గడిని ఖాళీగా వదలడం తప్పు కాదు. ఊహించి నింపడమే తప్పు. పేరు, ఒక వాక్యం వివరణ చాలు.

చౌరస్తా విగ్రహాల దగ్గర రెండు వర్గాలు ఉన్నాయి. అంబేద్కర్ విగ్రహాన్ని ‘కళాఖండం’ అనొచ్చా, ‘స్మారకం’ అనాలా? జనం దాన్ని పెట్టుకున్నది శిల్పకళ కోసం కాదు కాబట్టి స్మారకం అన్నవైపే మొగ్గు సరైనది. ‘హిస్టారిక్=మెమోరియల్’, దాని పక్కన ‘మెమోరియల్=స్టాచ్యూ’. ‘విగ్రహం దగ్గర ఎడమకు తిరగండి’ అని దారి చెప్పే మన ఊళ్లలో ఈ ఒక్క చుక్క నాలుగు వీధి పేర్లతో సమానం. (ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు నాయకుల విగ్రహాలకు ముసుగు వేస్తారు. మ్యాప్‌లోంచి మాత్రం తీయక్కర్లేదు.)

ఇక వేసవిలో వెలిసే చలివేంద్రం. మంచినీళ్లకు ట్యాగ్ ఉంది, కానీ రెండు నెలల పందిరిని మ్యాప్‌లో పెడితే ఆగస్టులో దాహంతో వచ్చినవాడికి ఖాళీ స్థలం కనిపిస్తుంది. తాత్కాలికమైనవి పెట్టొద్దన్నది ఆనవాయితీ. పుష్కరాలకూ అదే లెక్క. 2016 కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి, సోమశిల దగ్గర కట్టిన మెట్ల ఘాట్ మ్యాప్‌లో ఉండాలి. ఆ పన్నెండు రోజుల పార్కింగ్ స్థలం ఉండకూడదు. బోరింగు అయితే ఏడాది పొడవునా ఉంటుంది. దాన్ని బావి అని, చేతి పంపు అని రాసి, తాగే నీళ్లా కాదా అన్నది వేరేగా చెప్పాలి. తెలియకపోతే చెప్పకూడదు.

రాత్రి 9 గంటల గేటు

ట్యాగ్ ఒక్కటి సరిగా ఉంటే ఎంత పని చేస్తుందో చూడాలంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం దాకా వెళ్లాలి. మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టిన నియమం. హైదరాబాద్‌లో సాయంత్రం ఆఫీసు ముగించుకుని శ్రీశైలం బయలుదేరినవాళ్లు గేటు దగ్గర కారులో నిద్రపోయిన కథలు మీరు వినే ఉంటారు.

దీన్ని రాసే పద్ధతి ఉంది: ‘మోటార్_వెహికల్:కండిషనల్=నో @ (21:00-06:00)’. మొదట్లో ఇలాంటి సమయ నిబంధనలను ఒక్కొక్కరు ఒక్కోలా రాసేవారు. 2012లో ఈ వ్యాకరణం ఖాయమైంది. ఎవరైనా చదవగలరు: ఈ గంటల్లో మోటారు బండ్లకు దారి లేదు. ఇక్కడ తప్పు రెండు వైపులా ఉండొచ్చు. గేటు బొమ్మ పెట్టి సమయం రాయకపోతే యాప్ రాత్రి కూడా దారి చూపిస్తుంది. సమయం లేకుండా ఉత్త ‘నో’ అని రాస్తే పగలు కూడా శ్రీశైలం వెళ్లేవాళ్లను చుట్టూ తిప్పుతుంది. ఇలాంటి నిబంధనలను అన్ని యాప్‌లూ చదవవు. అయినా డేటాలో ఉంటేనే కదా ఏదో ఒకటి చదివేది.

ఒకే మాట, రెండు గతుకులు

తెలుగులో అన్నిటినీ ‘స్పీడ్ బ్రేకర్’ అంటాం. మ్యాప్‌లో ‘హంప్’ వేరు, ‘బంప్’ వేరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టింది అయితే వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, పైన గుండ్రంగా ఉండాలి. అది హంప్. ఊరివాళ్లు ఒక ప్రమాదం తర్వాత రాత్రికి రాత్రి సిమెంటుతో పోసింది, అడుగు వెడల్పుండి నడుం విరిచేది బంప్. కాన్పుకు వెళ్తున్న మనిషి ఉన్న ఆటోకు ఈ తేడా చాలా పెద్దది. వెడల్పు కళ్లతో చూసి చెప్పొచ్చు, టేపు అక్కర్లేదు.

ఇద్దరు ఒప్పుకోకపోతే?

ప్రతి మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో నమోదవుతుంది. నచ్చకపోతే ఆ మార్పు కిందే వ్యాఖ్య రాయాలి. ‘తప్పు’ అని కాకుండా ‘ఇక్కడ నిన్న వెళ్లాను, బీటీ వేశారు, చూస్తారా’ అని రాస్తే సగం గొడవలు అక్కడే తీరతాయి. దానితో తెగకపోతే భారత మ్యాపర్ల చర్చా వేదికలున్నాయి. ఇద్దరూ ఒకరి మార్పు ఒకరు చెరుపుకుంటూ పోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్‌కు చెందిన డేటా వర్కింగ్ గ్రూప్ కల్పించుకుంటుంది, అవసరమైతే ఖాతాను కొంతకాలం ఆపుతుంది. దానిక్కూడా ఏ ట్యాగ్ సరైనదో చెప్పడం మీద ఆసక్తి తక్కువ, గొడవ ఆపడం మీదే ఎక్కువ.

ఒక్క పని మాత్రం సహించరు. ‘మూడు జిల్లాల్లో ఉన్న గ్రావెల్ అంతా నిజానికి కంపాక్టెడ్’ అని తేల్చేసుకుని, కుర్చీలోంచి కదలకుండా వందల రోడ్లను ఒక్క నొక్కుతో మార్చడం. ఉద్దేశం మంచిదే కావచ్చు, ముందు అడగాలి. కంపెనీల బృందాలకూ ఇలాంటి నియమావళి 2018లో వచ్చింది. ఎవరు పని చేస్తున్నారో, ఏం చేస్తున్నారో బహిరంగంగా చెప్పాలి.

పేర్ల మీద వివాదానికి కొలమానం బోర్డే. ‘వనపర్తి రోడ్’ రైల్వే స్టేషన్ వనపర్తి పట్టణంలో లేదు, మదనాపురం దగ్గర ఉంది. అయినా బోర్డు మీద ఉన్న పేరే మ్యాప్‌లో పేరు. ‘వనపర్తి ఇక్కడ కాదు’ అని దాన్ని మార్చే హక్కు మ్యాపర్‌కు లేదు. రాష్ట్రంలో చాలాచోట్ల ప్రధాన పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది. తెలుగు పేరుకు ‘నేమ్:టీఈ’ అనే వేరే గడి ఉంది. అది ఖాళీగా ఉన్న పల్లెకు తెలుగులో వెతికితే జవాబు రాకపోవచ్చు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తెలుగు పేరు ఊహించడం కూడా ప్రమాదమే. దీర్ఘం ఎక్కడో, ఒత్తు ఎక్కడో ఊరివాళ్లకే తెలుసు.

మీరు చేయాలంటే

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘స్ట్రీట్‌కంప్లీట్’ యాప్ ఉంది. మీరున్న వీధిలోనే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు ఉపరితలం ఏమిటి? ఈ వీధికి దీపాలున్నాయా? ఈ స్టాప్‌కు షెల్టర్ ఉందా? ట్యాగ్ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫొటోలు చూసి ఎంచుకోవడమే. ఐఫోన్ వాళ్లకు ‘ఎవ్రీ డోర్’ ఉంది. కంప్యూటర్ ఉంటే వెబ్‌సైట్‌లోనే ‘ఐడీ’ ఎడిటర్ తెరుచుకుంటుంది.

వేరే మ్యాప్ యాప్ చూసి పేర్లు కాపీ చేయకూడదు, అది లైసెన్స్ ఉల్లంఘన. ఇంటి యజమానుల పేర్లు, వ్యక్తుల ఫోన్ నంబర్లు పెట్టకూడదు. చట్టం సంగతి చాలామందికి భయం. 2016లో వచ్చిన ముసాయిదా బిల్లు ఆ భయం పెంచింది, కానీ అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు భారతీయులు మ్యాప్ డేటా తయారుచేయడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదన్నాయి. భద్రతకు సంబంధించిన సున్నితమైన వివరాలపై ఆంక్షలు మాత్రం ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

వీధి దీపం వెలగడం లేదని మ్యాప్‌లో దాన్ని తీసేయకండి. స్తంభం ఉంది కదా. ఫిర్యాదు వెళ్లాల్సింది మున్సిపాలిటీకి.

మొదటి మార్పు చేసిన రెండు రోజులకో వారానికో ఎవరో అపరిచితుడి నుంచి మెయిల్ రావచ్చు: ‘ఈ స్టేజీ దగ్గర బోర్డు ఉందా? శాటిలైట్‌లో కనిపించడం లేదు.’ అది మందలింపు కాదు. ‘బోర్డు లేదు. వేప చెట్టు కింద. పొద్దున ఏడింటి బస్సు ఇక్కడే ఆగుతుంది’ అని జవాబు రాయండి.